చంద్రమ్మ వాటా ప్రసాదం

వీరేశం కారు ఎక్కినవాళ్లను ముందుగా పలకరించేది వాసన. కాస్త కర్పూరం, కాస్త తులసి, అడుగున ఎక్కడో నెయ్యి. స్టీరింగు పక్కనున్న అరలో ఎప్పుడు చూసినా ఏదో ఒక గుడి ప్రసాదం పొట్లం ఉంటుంది. తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు ఒకరు, యాదగిరిగుట్ట వెళ్లొచ్చినవాళ్లు ఒకరు, మాల వేసుకొని శబరిమల వెళ్లొచ్చినవాళ్లు ఇంకొకరు తెచ్చి ఇస్తారు. ఇచ్చేటప్పుడు అందరూ అనే మాట ఒక్కటే. "ఇందులో చంద్రమ్మగారి వాటా కూడా ఉంది."

చంద్రమ్మ వీరేశం భార్య. మూడేళ్ల కిందట ఆమె కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు దవాఖానకు వెళ్లి, డయాలసిస్ మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకొని రక్తం శుభ్రం చేయించుకొని వస్తుంది. గోపన్‌పల్లి పాత ఊళ్లో వాళ్లది రెండు గదుల సొంత ఇల్లు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక ఆ వాకిట్లో ఎండ పొద్దున ఒక గంట మాత్రమే నిలుస్తుంది. ఆ గంటా చంద్రమ్మ కుర్చీ వేసుకొని ఎండలో కూర్చుంటుంది. ఎదుటి అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే ఒకావిడ ఆ గంటా తన బాల్కనీ తీగ మీద దుప్పట్లు ఆరేయదు, కింద నీడ పడుతుందని. ఇద్దరికీ చూపుల పరిచయమే తప్ప మాటల్లేవు.

వీరేశం ఒక కంపెనీకి స్టాఫ్ క్యాబ్ నడుపుతాడు. పొద్దున చందానగర్‌లో కొందరిని, కొత్తగూడలో కొందరిని ఎక్కించుకొని హైటెక్ సిటీలో దింపుతాడు. సాయంత్రం మళ్లీ ఎవరి గుమ్మం దగ్గర వాళ్లను వదులుతాడు. మనిషి పొట్టి, ఒళ్లు లావు, మాట మెత్తన.

దసరా వెళ్లిన వారం డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిపించింది.

"మీ రక్తం కలిసింది వీరేశం గారూ. మీ కిడ్నీ ఆమెకు సరిపోతుంది. కానీ ఇప్పుడు తీసుకోలేం."

"ఎందుకమ్మా? నేను ఇస్తనంటున్న గద."

"మీ బరువు తొంభై రెండు. మీ ఎత్తుకు అది చాలా ఎక్కువ. ఆపరేషన్ మీకే ప్రమాదం. పైగా మీకు మిగిలే ఒక్క కిడ్నీ ఇంత ఒంటిని మోయాలి. ఎనభై రెండు లోపలికి దిగి రండి, అప్పుడు చూద్దాం."

వీరేశం ఊపిరి పీల్చుకున్నాడు. "గంతేనా. శనివారం ఎట్లయినా ఒక్కపొద్దుంట. ఇగ దినాం ఉంట."

"అదే వద్దు. పస్తులుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, నీరసపడతారు. నీరసపడ్డ మనిషిని నేను బల్ల ఎక్కించను. మీ ఒంటికి రోజుకు ఎంత కావాలో లెక్క కట్టుకోండి. దానికంటే కొంచెం తగ్గించి తినండి. రోజూ నడవండి. మెల్లగా దిగాలి."

చంద్రమ్మ నర్సు వెంట బయటికి వెళ్లాక డాక్టరమ్మ గొంతు తగ్గించి మిగతాది చెప్పింది. ఆమె గుండె నీరసిస్తోంది. ఎక్కువ కాలం ఆగడం మంచిది కాదు. "శ్రీరామనవమి దాకా చూద్దాం. అప్పటికి మీరు దిగకపోతే మీ అమ్మాయి సిద్ధంగా ఉంది. మొన్న వచ్చి పరీక్షకు రక్తం కూడా ఇచ్చి వెళ్లింది."

ఆ మాట వీరేశానికి తెలియదు. రేఖ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పటాన్‌చెరులో కాపురం. ఒళ్లో పాలు తాగే బిడ్డ. ఆ బిడ్డను చంకన వేసుకొని, తండ్రికి చెప్పకుండా దవాఖాన మెట్లెక్కి వెళ్లిందన్నమాట. వీరేశం లేచి తలుపు దాకా వెళ్లి ఆగాడు. గోడమీది క్యాలెండర్లో రాముడు నవ్వుతూ కనిపించాడు. "నా బిడ్డ ఒంటికి కత్తి తగలనియ్యకు తండ్రీ," అనుకున్నాడు. అంతకంటే పెద్ద మొక్కు అతనికి తోచలేదు.

మర్నాడు పొద్దున సంగతంతా కార్లో చెప్పాడు. వెనక సీట్లో సంయుక్త, పక్కన శ్యామ్ ఉన్నారు. సంయుక్తది అన్నవరం దగ్గర ఊరు. చందానగర్‌లో తల్లి జయలక్ష్మితో కలిసి ఉంటూ ఉద్యోగం చేస్తోంది. శ్యామ్ కొత్తగూడలో ఎక్కుతాడు, ఎక్కింది మొదలు ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూనే ఉంటాడు.

"ఇలా ఇవ్వండి మీ ఫోను," అంది సంయుక్త. "రోజుకు ఎన్ని కేలరీలు తినాలో లెక్క కట్టే యాప్ వేసిస్తాను. కేలరీ అంటే తిండిలో ఉన్న బలానికి కొలతండి. నెయ్యికి ఎక్కువ, తోటకూరకు తక్కువ. అంతే." వయసు, ఎత్తు, బరువు అడిగి నొక్కింది. "మీ పని ఎలాంటిదని అడుగుతోందండి. ఎక్కువసేపు కూర్చునే పనా, కాస్త తిరిగే పనా, బాగా కష్టపడే పనా?"

వీరేశం మనసు కాస్త నొచ్చుకుంది. "కూర్చునే పనేంది మేడం? తెల్లారకముందు లేస్తే పొద్దుగూకేదాక నడుం వాల్చింది లేదు. కొత్తగూడ చౌరస్తల క్లచ్చు తొక్కి తొక్కి కాలు నాది కాకుంట పోతది. కష్టం పనే కొట్టు."

"కొట్టండి సంయుక్తగారూ," అన్నాడు శ్యామ్. "అక్కడ అన్న పడే కష్టానికి ప్రభుత్వం శాలువా కప్పాలి."

సంయుక్త కొట్టింది. రోజుకు రెండువేల నాలుగువందల యాభై తిన్నా వారానికి అరకిలో తగ్గుతావని ఫోను చెప్పింది. వీరేశానికి ఆ ఫోను మీద గౌరవం కలిగింది. మర్నాటి నుంచి పొద్దున్నే లేచి యూనివర్సిటీ గోడ వెంట నడవడం మొదలుపెట్టాడు. గోడకు అవతల నెమళ్లు కూసేవి. నడక పూర్తయ్యాక ఫోను ఇంకో మూడువందలు తినమని బహుమానంగా ఇచ్చేది. వీరేశం దాన్ని దైవమిచ్చినదిగా భావించి ఒక దోసె తినేవాడు.

డయాలసిస్‌కు వెళ్లినప్పుడల్లా చంద్రమ్మను ముందొకసారి, తర్వాతొకసారి తూకం చూస్తారు. ఒంట్లో ఎంత నీరు దిగిందో తెలియాలి కదా. ఆమె దిగాక వీరేశం అదే మిషను ఎక్కేవాడు. నెల తిరిగాక ఒకనాడు ఎక్కితే, ముల్లు తొంభై రెండు దగ్గరే కూర్చుంది.

చంద్రమ్మ బెంచీ మీద చెప్పులు వేసుకుంటూ చూసింది. "నాలుగు గంటలల్ల నేను రెండు కిలోలు దిగిన. నీకు నెల చాల్లేదా రేఖ నాయినా?"

"నీది నీళ్లే, నాది నెయ్యి," అన్నాడు వీరేశం. ఇద్దరూ నవ్వారు.

ఆ సంగతి విని శ్యామ్ ఆటపట్టించలేదు. ముందుకు జరిగి, సీటు మీద చేతులు ఆనించి అడిగాడు.

"అన్నా, ఇంజిను ఆన్ చేసి బండి కదలకుండా నిలబెడితే పెట్రోలు కాలదా?"

"ఎందుకు కాలదు? ఏసీ ఏస్తే ఇంకింత కాలుతది."

"ఒళ్లూ అంతే. నువ్వు పడుకొని ఉన్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరాడాలి. ఊరికే నిలబెట్టిన బండి కింద నీకు రోజుకు పదిహేడువందలు కాలుతుంది. దానిమీద నువ్వెంత కదిలితే అంత. కానీ నువ్వు రోజంతా కదిలేది ఎంత? కదిలేది కారు. నువ్వు కాదు."

"మరి నేను అలసిపోతున్న గదా సారూ."

సంయుక్త మెల్లగా అందుకుంది. "అలసట వేరు, కదలడం వేరండి. నడుము నొప్పి, ట్రాఫిక్ తలనొప్పి, చంద్రమ్మగారి బెంగ, ఇవన్నీ కష్టమే. కానీ కొవ్వు వాటికి కరగదు. ఆ రోజు నేను ఆలోచించకుండా కష్టం పని అని నొక్కేశాను. పైగా కష్టం అని ఒకసారి కలిపాక మళ్లీ మీ నడకకు వేరే ఇస్తోంది."

"ఒకే ట్రిప్పు రెండుసార్లు రాసుకున్నట్టు," అన్నాడు శ్యామ్.

ఆ పోలిక వీరేశానికి సూటిగా తగిలింది. పదేళ్ల డ్రైవరు బతుకులో అతడు ఒక ట్రిప్పును రెండుసార్లు రాసుకున్న పాపాన పోలేదు. సిగ్నల్ దగ్గర బండి ఆపాడు. తర్వాత, "అంటే ఇన్నొద్దులు నేను కూసోని తింటున్ననన్నట్టు," అన్నాడు.

"మేమూ అంతేనండి," అంది సంయుక్త. "మీరు ఎండలో కూర్చుంటున్నారు, మేం ఏసీలో."

ముగ్గురూ కలిసి లెక్క తిరగ్గట్టారు. నిలబెట్టిన బండికి పదిహేడువందలు. కూర్చునే పనికి ఇంకో మూడువందల చిల్లర. పొద్దుటి నడకకు రెండువందలు. అన్నీ కలిపితే రెండువేల రెండువందల పైమాట. అందులో రోజుకు ఐదువందలు తగ్గిస్తే వారానికి దగ్గరదగ్గర అరకిలో. అంటే అతడు తినాల్సింది పదిహేడువందల చిల్లర. నడిచినందుకు బహుమానం ఇంక లేదు. అది ముందే కలిసిపోయింది.

ఆ రోజు నుంచి చంద్రమ్మ వంటగది గడపలో పీట వేసుకొని కూర్చుంది. నిలబడి వండే ఓపిక లేదు గానీ కూర్చొని ఏలే ఓపిక ఉంది. రేఖ చిన్నప్పుడు పాలు పట్టిన వెండిగిన్నె తీసి, ఇంత అన్నమే అంది. రాత్రికి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. నూనె ఆమె చెంచాతోనే పడాలి. చందానగర్ మార్కెట్ దగ్గర చాయ్ బండి మొగిలికి ఎవరు చెప్పారో ఏమో, వీరేశం దిగకముందే చక్కెర లేని అరకప్పు తీసి పక్కన పెట్టేవాడు. అడిగితే, "తాగన్నా, ఊరికే సతాయించకు," అనేవాడు.

బరువు కదిలింది. కార్తీకం వెళ్లేసరికి తొంభై ఒకటి, ఆ తర్వాత తొంభై, ఇంకొంచెం కిందికి. వీరేశం ప్యాంటుకు బెల్టు ఒక రంధ్రం లోపలికి పోయింది. అంతలో ధనుర్మాసం వచ్చింది.

యూనివర్సిటీ గోడ నుంచి ఇంటికి వచ్చే దారిలో రామాలయం. అర్చకుడు రామబ్రహ్మంగారు డెబ్బై దాటిన మనిషి. ధనుర్మాసంలో చీకటుండగానే పొంగలి వండి నైవేద్యం పెడతారు. చలిలో నడిచి వస్తున్న వీరేశాన్ని చూస్తే ఆయన ప్రాణం ఒప్పదు. "వీరేశం, ఆగు నాయనా. వేడిగా ఉంది. ఇదిగో నీకు. ఇది మా చంద్రమ్మకు." రెండు దొప్పలు. నెయ్యి అంచులదాకా.

చంద్రమ్మ పొంగలి తినకూడదు. ఆమెకు ఉప్పు కొలతే, నీళ్లు కొలతే. అరటిపండు, కొబ్బరి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, బెల్లం, ఏది ముట్టుకోవాలన్నా దవాఖానను అడగాలి. అందుకని దొప్ప అందుకొని కళ్లకు అద్దుకొని మొగుడి చేతిలో పెట్టేస్తుంది. ప్రసాదాన్ని పారేయకూడదు. ఆమె పేరున వచ్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి వీరేశానికి చెయ్యి రాదు. నేను తింటే ఆమె తిన్నట్టే కదా అనుకొని కళ్లు మూసుకొని తినేవాడు. తింటున్నంతసేపూ ఆమె ఆయుష్షు అడిగేవాడు. మూడేళ్లుగా ఇదే వరస. కార్లోకి వచ్చే లడ్డూలు, శబరిమల అరవణ పాయసం, పులిహోర, అన్నీ రెండు వాటాలూ అతని కడుపులోకే వెళ్లేవి. అవి ఫోనులో పెట్టాలన్న ఆలోచన కలలో కూడా రాలేదు. అది తిండి కాదు కదా.

నెల చివర తూకం చూస్తే మళ్లీ తొంభై. మునుపటి వారం తొంభై. అంతకుముందూ దాదాపు అంతే.

ఆ సాయంత్రం రేఖ ఫోన్ చేసింది. "నాయినా, నువ్వు పరేషాన్ గాకు. డాక్టరమ్మ మిగిలిన టెస్టులకు రమ్మన్నది. పిల్లగాన్ని అత్తమ్మ చూసుకుంటది. నేనిస్త."

"జర ఆగు బిడ్డా. నవమిదాక ఆగు," అన్నాడు. వెనక పిల్లవాడు పాలకోసం గునుస్తున్న చప్పుడు వినిపించి, ఫోను పెట్టేశాడు.

రెండు రోజుల తర్వాత సంయుక్త ఊరి నుంచి తిరిగివచ్చి కారెక్కింది. ఎక్కుతూనే రెండు ఆకు పొట్లాలు ముందుకు చాపింది. అన్నవరం ప్రసాదం. ఆకు మీదే తడి నెయ్యి మెరుస్తోంది. "ఒకటి మీకు, ఒకటి చంద్రమ్మగారికి. అమ్మ కొండ మీద ఆవిడ పేరున వ్రతం చేయించిందండి."

వీరేశం చెప్పులు విడిచి, పొట్లం కళ్లకు అద్దుకున్నాడు. కొత్తగూడ సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు తన వాటా తిన్నాడు. చంద్రమ్మ వాటా అరలో పెట్టాడు. అరలో అప్పటికే ఒక లడ్డూ, ఒక అరవణ డబ్బా ఉన్నాయి.

అప్పుడే శ్యామ్ ఎక్కాడు. "ఎందుకాగిందన్నా బరువు? నిన్న ఏం తిన్నావో చెప్పు, ఒక్కటి కూడా దాచకుండా."

"దాచుడెందుకు? పొద్దున రెండు ఇడ్లీలు. పగటీలి గిన్నెడన్నం, పప్పు, దోసకాయ కూర, మజ్జిగ. మొగిలి చాయ్ రెండుసార్లు. రాత్రి రెండు జొన్నరొట్టెలు. రాముని మీద ఒట్టు, ఇంకోటి ముట్టలే."

లెక్క సరిగ్గా ఉంది. ఇంకా తక్కువే ఉంది. శ్యామ్ తల గోక్కున్నాడు. సంయుక్త మాత్రం వీరేశం చేతి వంక చూస్తోంది. స్టీరింగు మీద వేలి కొసలకు నెయ్యి మెరుస్తోంది.

"వీరేశం గారూ, ఇప్పుడు తిన్నది ఫోన్లో పెడతారా?"

"గిదెందుకు పెడత మేడం? గిది తిండా? ప్రసాదం."

శ్యామ్‌కు నవ్వొచ్చింది. సంయుక్త అతని మోచేతి మీద చెయ్యి వేసింది, అతడు ఆగిపోయాడు. ఆమె ఇంట్లోనూ ప్రసాదాన్ని ఎవరూ కొలవరు. కాదనడం అసలే లేదు. అందుకే మెల్లగా మాటలు పేర్చుకొని అడిగింది.

"రోజూ పొద్దున గుళ్లో ఏమైనా పెడతారా?"

"పొంగలి. రెండు దొప్పలు. చంద్రి తినరాదు గద, ఆమెది గూడ నేనే..." అంటూ ఉండగానే వీరేశం మాట ఆగిపోయింది.

వెనక హారన్లు మోగాయి. బండి ముందుకు కదిలించాడు. ఫ్లైఓవర్ మీద శ్యామ్ ఫోను తీసి లెక్క కట్టాడు. పొంగలి రెండు దొప్పలు, అరవణ ఒక చెంచా, లడ్డూ అర ముక్క. మెల్లగా పైకే చదివాడు. ఐదువందలు ఎప్పుడో దాటిపోయాయి. వెండిగిన్నెతో, జొన్నరొట్టెతో రోజంతా కూడబెట్టిన తగ్గుదల మొత్తం ఆ ఆకుల్లోనే కరిగిపోతోంది.

"ఆ పొట్లాలు తెచ్చి పెట్టింది మేమే కదండీ," అంది సంయుక్త. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మంచి జరగాలనే పెట్టాం. ఇంత పని చేస్తుందనుకోలేదు."

"ఏడువకు బిడ్డా," అన్నాడు వీరేశం. ఆమెను అతడు మేడం అనకుండా పిలవడం అదే మొదలు. "మీరు పెట్టింది ప్రేమ. గానీ దేవుని ప్రసాదాన్ని నేనెట్ల లెక్కవెట్టాలె? వద్దని ఏ నోటితోటి అనాలె?"

ఆ ప్రశ్న పట్టుకొని మర్నాడు తెల్లవారుజామున రామాలయానికి వెళ్లాడు. రామబ్రహ్మంగారు అలవాటుగా రెండు దొప్పలు తీశారు. వీరేశం చేతులు చాపలేదు. నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చివర అడిగాడు. "అయ్యగారూ, ప్రసాదం వద్దంటే పాపమా?"

ముసలాయన దొప్పలు కింద పెట్టి అరుగు మీద కూర్చున్నారు. "ఇరవై ఏళ్లుగా ఈ పొంగలి వండేది నేనే. నైవేద్యం పెట్టేదీ నేనే. నేను తినగా ఎప్పుడైనా చూశావా?"

వీరేశం ఆలోచించాడు. చూడలేదు.

"నాకు షుగరు నాయనా. ఒక్క మెతుకు ఎక్కువైతే కళ్లు తిరుగుతాయి." ఆయన తీర్థం గిన్నెలో నుంచి ఒక తులసి ఆకు తీసి అరచేతిలో చూపించారు. "ఇదీ నా ప్రసాదం. స్వామి పాదాల మీద నుంచి వచ్చిందే ఇదీనూ. ఆయన దగ్గర పెద్ద దొప్ప, చిన్న దొప్ప అని ఉండదు. మనకే ఆ తేడా." కొంచెం ఆగి, గొంతు మార్చి అన్నారు. "తప్పు నాదే. చంద్రమ్మ తినకూడదని తెలిసీ నెయ్యి పోసి పంపాను. ఆమె తినగలిగింది ఏదని ఒక్కనాడూ ఆలోచించలేదు."

"మరి ఈ పొంగలి?"

"పంచు. రేపటి నుంచి గరిటె నువ్వే పట్టుకో. నా భుజం నొప్పి."

వీరేశం రెండు తులసి ఆకులతో ఇంటికి వచ్చాడు. ముందు దవాఖానకు ఫోన్ చేసి అడిగాడు. అవతల నర్సు నవ్వి, ఒక్క ఆకుకు ఏం కాదంది. చంద్రమ్మ వాకిట్లో ఎండలో కూర్చొని ఉంది. అతడు ఒక ఆకు తన నాలుక మీద వేసుకొని, ఇంకొకటి ఆమె చేతిలో పెట్టాడు.

"గిదేంది?"

"ప్రసాదం. నీ వాటా. దవాఖానోళ్లు తినమన్నరు."

ఆమె దాన్ని కళ్లకు అద్దుకొని, అలవాటుగా తిరిగి అతనికి ఇవ్వబోయింది. అతడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అప్పుడు నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. మూడేళ్ల తర్వాత ఆమె నోట పడ్డ మొదటి ప్రసాదం అది.

"ఘాటుగున్నది," అంది. కొంగుతో కళ్లొత్తుకుంది. "మస్తుగున్నది."

ఆ తర్వాత సంగతి చెప్పాలంటే, అంతకాలం బరువుగా మారిన మంచితనమే బరువును దింపడానికి చెయ్యి కలిపింది. శ్యామ్ తన కంపెనీ వాళ్లందరికీ ఒక ముక్క రాసి పంపాడు. "వీరేశం అన్నకు ఇక మీదట ప్రసాదం అంటే తులసి, బిల్వం, అక్షింతలు, కుంకుమ. లడ్డూ ఇచ్చినవాళ్లు నడిచి ఆఫీసుకు రావాలి." ఎవరో భద్రాచలం నుంచి తలంబ్రాలు తెచ్చారు. సంయుక్త తల్లి జయలక్ష్మిగారు కుండీలో పెంచిన తులసి మొక్కే పంపారు. తెలియక ఎవరైనా లడ్డూ ఇస్తే, వీరేశం చిటికెడు తుంచి నోట్లో వేసుకొని, దాన్ని కూడా ఫోనులో పెట్టుకొని, మిగిలింది ఆఫీసు గేటు దగ్గర కాపలా కాసేవాళ్లకు, రోడ్డు ఊడ్చే ఆడవాళ్లకు పంచేసేవాడు. "ఇందులో చంద్రమ్మ వాటా ఉన్నది. ఆమె పేరు తలుసుకోని తినున్రి," అనేవాడు. పోచమ్మ అనే ఊడ్చే ఆవిడ రోజూ అడిగేది. "చంద్రమ్మకు ఎట్లున్నదన్నా?" ఆమె చంద్రమ్మను ఎన్నడూ చూడలేదు.

పొద్దున గుళ్లో గరిటె పట్టుకొని నిలబడటం వీరేశానికి కొత్త రుచి చూపించింది. చలికి వణుకుతూ వచ్చి దొప్ప అందుకున్న ముఖాలు వేడికి విప్పారేవి. అది చూస్తుంటే తన కడుపు నిండినట్టే ఉండేది. సాయంత్రం ట్రిప్పు అయ్యాక ఇంకో నడక కలిపాడు. ఆ లెక్క కూడా ఒక్కసారే రాసుకున్నాడు.

ముల్లు కదిలింది. శివరాత్రికి ఎనభై ఆరు. ఉగాదికి ఎనభై మూడు దగ్గరికి. ప్యాంటు జారుతోందని చంద్రమ్మ గడపలో కూర్చొని కుట్లు వేసింది. మధ్యలో ఒక వారం మళ్లీ ఆగింది. వీరేశం భయపడలేదు. తగ్గిన ఒంటికి కాలేది కూడా తగ్గుతుంది కాబట్టి లెక్క మళ్లీ కట్టాలని సంయుక్త చెప్పింది. కట్టుకున్నాడు. అన్నం గిన్నె అంచుకు ఒక వేలు కిందికి దిగింది.

నవమి నాడు పందిట్లో పగలంతా పానకం, వడపప్పు పంచాడు. తాను ఒక్క గుక్క తాగాడు. రెండు రోజుల తర్వాత చంద్రమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లాడు. ఆమెను కుర్చీలో పడుకోబెట్టి సూదులు గుచ్చాక నర్సు తూకం మిషనును దూరంగా నెట్టబోయింది.

"గీడికి తేమ్మా," అంది చంద్రమ్మ. "నా కండ్లతోటి చూడాలె."

మిషనును ఆమె కుర్చీ ముందుకు తెచ్చారు. వీరేశం చెప్పులు, బెల్టు, జేబులో తాళాలు తీసి పక్కన పెట్టాడు. చేతికున్న దారం కూడా విప్పబోతే చంద్రమ్మ కసిరింది. ఎక్కాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఎనభై ఒకటిన్నర," అని చదివింది నర్సు.

అతడు దిగి, మళ్లీ ఎక్కాడు. మళ్లీ అదే. ఆ గదిలో వరసగా పడుకున్నవాళ్లందరికీ ఆ కథ నెలలుగా తెలుసు. ఒక చేతికి సూదులు ఉన్నాయి కాబట్టి చప్పట్లు కొట్టడానికి లేదు. మూల కుర్చీలోని పెద్దాయన రెండో చేత్తో కుర్చీ చేతిని దబదబా తట్టాడు. పక్కవాళ్లు అందుకున్నారు. కాసేపటికి గదంతా తబలా మోగినట్టు మోగింది. డాక్టరమ్మ ఏమైందోనని పరుగెత్తుకొచ్చి, మిషను చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"రేఖకు ఫోన్ చేయండి వీరేశం గారూ," అంది. "హాయిగా బిడ్డను ఆడించుకోమనండి."

ఎండాకాలం చివర ఆపరేషన్ జరిగింది. వీరేశం నాలుగో రోజు నడిచాడు, చంద్రమ్మ ఆరో రోజు నడిచింది. అతని కిడ్నీ ఆమె ఒంట్లో పుట్టింటికి వచ్చినట్టు కుదురుకుందని డాక్టరమ్మే అంది. మందులు వాడుతూ, బయటి తిండి ముట్టకుండా, నెలలు గడిచాయి. మళ్లీ ధనుర్మాసం వచ్చేసరికి, వీరేశం దగ్గరుండి వండించిన వేడి పొంగలి కొంచెం తినవచ్చని అనుమతి దొరికింది.

ఆ తెల్లవారుజామున చంద్రమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రామాలయం మెట్లెక్కింది. పొంగలి వండిన గంగాళం వెనక గరిటె పట్టుకొని వీరేశం ఉన్నాడు. రామబ్రహ్మంగారు కొత్త దొప్ప ఒకటి కడిగి తెచ్చి, తన చేత్తో ఆమెకు పెట్టారు. నెయ్యి ఒక్క చుక్క.

ఆమె కళ్లకు అద్దుకుంది. మూడేళ్ల అలవాటు కదా, వీరేశం చెయ్యి తనంతట తానే ముందుకు సాగింది.

"చెయ్యి తియ్యి," అంది చంద్రమ్మ. "ఇది నా వాటా."

మెతుకు మిగల్చకుండా తింది. అడుగున దొరికిన జీడిపప్పును చివరిదాకా దాచుకొని తింది. ఖాళీ దొప్ప చాపి, "ఇంకింత వెయ్యి," అంది.

"అందుల ఎన్ని కేలరీలో ఎరుకనా నీకు?"

"దేవుని ప్రసాదానికి లెక్కేందయ్యా?"

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. రామబ్రహ్మంగారు వద్దన్నట్టు వేలు ఊపి, అంతలోనే చెంచాడు వేయమని సైగ చేశారు. వీరేశం చెంచాడు వేశాడు. తన తులసి ఆకు నాలుక మీద పెట్టుకొని, వరసలో తర్వాతి మనిషి కోసం గరిటె నిండా పొంగలి తీశాడు.